అన్ని చీరల్లోనూ ఒకే చోట

ఈ ప్రయాణం సంగతి మొదలుపెట్టేముందు, ఇన్నేళ్లూ చెప్పకుండా దాచిన మాట ఒకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ల కింద బెంగళూరులో ఒక ల్యాబులో రేణుక అనే ఆమె గొట్టాలు కలిపేసిందన్నారు. ఆమె కలపలేదు. తప్పు నాది. అది నాదని ఆ వారంలోనే నాకు తెలిసింది. ఆమెకు ఉద్యోగం పోయింది, నాకు డాక్టరేటు వచ్చింది. నేను నోరు విప్పలేదు.

అసలేం జరిగిందో ముందే చెప్పేస్తాను. అన్నం తిన్నాక "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపే హార్మోను ఒకటి మన పేగుల్లో పుడుతుంది. దాని పేరు పి.వై.వై. మెదడులో దానికొక అన్న ఉన్నాడు, ఎన్.పి.వై. అని. వాడు "ఇంకా పెట్టు" అంటాడు. క్లోమంలో ఒక తమ్ముడున్నాడు. ముగ్గురూ ముప్పై ఆరేసి అమైనో ఆమ్లాల పూసలు గుచ్చిన దండలే. మనుషులన్న మాటే లేని కాలంలో, చేపలకూ మనకూ పూర్వీకులు ఒకరే అయిన కాలంలో, ఈ ముగ్గురికీ కలిపి ఒకే జన్యువు ఉండేది. దానికి నకలు పడింది. ఒకటి పాత పని చూసుకుంటూ ఉంటే రెండోది మెల్లగా కొత్త పని నేర్చుకుంది. తర్వాతెప్పుడో పేగు జన్యువు పక్కనే మరో నకలు పడి క్లోమం తమ్ముడు పుట్టాడు. ఇవి అచ్చొచ్చిన నకళ్లు. అచ్చిరానిది కూడా ఒకటుంది. మనలో పి.వై.వై.ని చూసి రాసినట్టే ఉండే ఇంకో ముక్క, అదే క్రోమోజోము మీద కొంత దూరంలో, చెడిపోయి పడి ఉంది. దానివల్ల ఏ హార్మోనూ తయారు కాదు.

మా పని లావుగా ఉన్నవాళ్ల రక్తంలోంచి పి.వై.వై. జన్యువును తీసి, అందులో అక్షరాలు చదవడం. జన్యువును వెతికి అతుక్కునే చిన్న ముక్కను ప్రైమర్ అంటారు. ప్రైమర్లు తయారుచేసింది నేను. వాటిని గొట్టాల్లో కలిపి యంత్రంలో పెట్టేది రేణుకక్క. ఫలితాలు చూస్తే, ఒక అక్షరం ఉండాల్సిన చోట రెండక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మా గైడు కాగితాలు బల్ల మీద పడేసి, "ఒకరి నమూనాలో ఇంకొకరిది కలిపేసింది" అన్నారు.

ఆ సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. "చూడప్పా సుధాకరా, మా ఇంట్లో మగ్గాలుండాయి. ఒక చీరలో తప్పొస్తే నేసినోళ్లను తిడతాము. అన్ని చీరల్లో ఒకే చోట తప్పొస్తే అది చేతి తప్పు కాదు, అట్ట తప్పు. అట్ట ఇప్పి చూడల్ల." అట్టలంటే అంచు డిజైనును నడిపే చిల్లుల అట్టలు. నేను మళ్లీ చూశాను. నిజమే. రెండక్షరాలు అందరిలోనూ అవే చోట్ల వచ్చాయి. గొట్టాలు కలిస్తే ఒక్కొక్కరిలో ఒక్కోలా రావాలి. ఇంకా వెతికితే దొరికింది. నా ప్రైమర్లు అసలుకూ, చెడిపోయిన నకలుకూ రెండింటికీ అతుక్కుంటున్నాయి. ఆ రెండూ లేని మనిషి లేడు.

ఎవరికీ చెప్పకుండా కొత్త ప్రైమర్లు చేసుకున్నాను. అప్పటికే ఆమె కాంట్రాక్టు పొడిగించకుండా పంపేశారు. "చూశావా, ఆవిడ వెళ్లాక ఎంత శుభ్రంగా వచ్చాయో" అన్నారు గైడు. "అవును సార్" అన్నాను.

ఇప్పుడు ఒంగోలులో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్తాను. ఈ వేసవికి ముందు, జన్యువుల నకళ్లు పరిశోధకుల్ని ఎలా మోసం చేస్తాయో చెప్తుంటే వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, మీరెప్పుడైనా అలా మోసపోయారా?" "లేదమ్మా" అన్నాను. ఆ "లేదమ్మా" తర్వాత నాకు నిద్ర సరిగ్గా లేదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు. మా పాత గైడుకు ఉత్తరం రాసి పోస్టు చేశాను. కాలేజీకి నాలుగు రోజులు సెలవు పెట్టాను. పాత ఫలితాల కాగితాలు అట్టపెట్టెలోంచి తీసి సంచీలో పెట్టుకున్నాను. ఉత్త చేతులతో వెళ్లకూడదని ఒక సీసా గోంగూర పచ్చడి కూడా.

చందాపుర

రేణుకక్క ఎక్కడుందో నాకు తెలియదు. తెలిసే అవకాశం ఉన్నవాడు మునిరాజు ఒక్కడే. అప్పట్లో మా ల్యాబులో అటెండరు. అత్తిబెలె దారిలో ఉన్న ఈ చందాపుర కూడలిలో ఇప్పుడు టిఫిన్ హోటలు నడుపుతున్నాడని విన్నాను. కుదురు లేక ఒక స్టాపు ముందే బస్సు దిగిపోయి, లారీల పొగలో పావుగంట నడిచాను.

హోటల్లో కుర్చీలు లేవు. నిలబడి తినాలి. షిఫ్టుకు పోయేవాళ్లు ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, నాలుగు నిమిషాల్లో తిని వెళ్లిపోతున్నారు. మా ఊళ్లో ఇడ్లీ తిన్నవాడు పేపరు చదవందే లేవడు. పళ్లెమంత తట్టె ఇడ్లీ రెండు, పైన వెన్న, యాభై రూపాయలు. సాంబారులో బెల్లం. మొదటి ముద్దకు మొహం మారుతుంది, మూడో ముద్దకు ఇంకో గరిటె అడుగుతాం.

"అయ్యో, సుధాకర్ సారా!" కౌంటరు వెనకనుంచి మునిరాజు. "తల మీద వెంట్రుకలన్నీ యాడికి పోయినాయి సార్?"

"పరీక్ష పేపర్లు దిద్దితే పోయాయి మునిరాజూ."

నవ్వాడు. "ఒక కాఫీ బై టూ!" అని కేకేశాడు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇచ్చారు. మా వైపు ఇలా తాగితే పిసినారులంటారు. ఇక్కడ ఇది స్నేహం. సగం కాఫీకి ఎదురుగా మనిషి ఉండి తీరాలి.

రేణుకక్క పేరు ఎత్తగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ యమ్మ ఎందుకు సార్ ఇప్పుడు? ఏమన్నా కాగితం మీద సైను కావాల్నా?"

"కాదు. ఒక మాట చెప్పాలి."

"ఆ పొద్దు ఆమె బ్యాగు గేటు దాకా మోసుకుపోయింది నేనే సార్. మీరు పైన కిటికీలో నిలబడి ఉంటిరి." కోపంగా అనలేదు. ఇడ్లీ ఎంతని అడిగితే చెప్పినట్టు అన్నాడు. "గేటు కాడ తిరిగి చూసింది. ఎవురన్నా దిగొస్తారేమో అని."

నా కాఫీ ఇంకా సగం ఉంది. తాగలేక అటూ ఇటూ నడిచాను. మునిరాజు నావైపు చూడకుండా బిల్లు కాగితం వెనక రాసిచ్చాడు. హెబ్బగోడిలో జయమ్మ వఠారం, ఏడో నంబరు గది. అక్కడ ఉంటూ మందుల ఫ్యాక్టరీలో పనిచేసిందట. ఇప్పుడుందో లేదో తనకు తెలియదన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "ఆమెకు చెప్పినాక వచ్చి ఇయ్యండి సార్" అన్నాడు.

హెబ్బగోడి

మర్నాడు ఉదయం బస్సు తప్పెక్కాను. ఎటు పోతోందో అడగకుండా, వచ్చిన బస్సు ఎక్కేయడం నాకీ మధ్య పట్టిన జబ్బు. అత్తిబెలె దాకా పోయి వెనక్కి రావడంతో రెండు గంటలు పోయాయి.

హెబ్బగోడి సందుల్లో వరసగా గదులు. ఒక గది, ముందు ఒక చాపంత వరండా, తాడు మీద ఫ్యాక్టరీ చొక్కాలు. ఒరియా, అస్సామీ, హిందీ, తమిళం అన్నీ ఒకే పంపు దగ్గర వినిపిస్తాయి. జయమ్మ వఠారంలో ఏడో నంబరు కనబడగానే తలుపు తట్టాను. నైట్ షిఫ్టు చేసి పడుకున్న కుర్రాడెవరో కళ్లు నులుముకుంటూ వచ్చి హిందీలో తిట్టాడు. తర్వాత తెలిసింది, ఆ వఠారంలో ఎదురెదురుగా రెండు వరసలున్నాయి. ఒకే కొలత, ఒకే రంగు, రెండింట్లోనూ ఏడో నంబరు. నేను రెండో వరస ఏడు కొట్టాను. పద్దెనిమిదేళ్ల కింద నా ప్రైమర్ చేసిన పనే ఇవాళ నేను చేశానని నవ్వొచ్చింది. ఆ నవ్వు నిలవలేదు.

గొడవ విని జయమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు.

"ఎవురప్పా నువ్వు? పడుకున్నోళ్లను లేపతా ఉండావు?"

చెప్పాను. పేరు వినగానే ఆమె గొంతు మెత్తబడింది. "రేణుకనా? ఆ బిడ్డ పోయి ఆరేడేండ్లాయ. యలహంకలో తమ్మునింటికి పోయింది. లోపలికి రా. తిన్నావా?"

తినలేదంటే కదలనివ్వలేదు. రాగి ముద్ద, బస్సారు. ఉడికించిన ఆకుకూర నీళ్లతోనే కాచిన పులుసు అది. ముద్దను నేను అన్నంలా నమలబోయాను.

"నమలొద్దు! మింగు! ఏ ఊరప్పా మీది?"

"ఒంగోలండి."

"ఆడ ఎద్దులు బాగుంటాయంట. మనుషులకు ముద్ద తినేది రాదు."

మింగి, గబగబా రెండోది అడిగాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "పదైదు నిమిషాలు ఊరికే కూచో. నిండిందో లేదో కడుపు నిదానంగా చెప్తాది. నీకు నిదానమే లేదు."

పి.వై.వై. గురించి నేను రాసిన పుస్తకమంత వ్యాసంలో ఉన్నదీ అంతే. పేగు నుంచి కబురు పైకి చేరడానికి కొంతసేపు పడుతుంది. ఆ కాసేపూ ఆగలేనివాడు ఎక్కువ తింటాడు. పదిహేను నిమిషాలు కూర్చోమంటే రెండుసార్లు లేచాను. ఆమె చూస్తూనే ఉంది.

"బలే మంచి బిడ్డ ఆ రేణుక" అంది. "ఫ్యాక్టరీలో సీసాలకు చీటీలంటించే పని. ఒక్క తప్పు చెయ్యలేదంట. అయినా ఇంటికొచ్చి అదే ఏడుపు. సరిగ్గా అంటించినానా, కలిపేసినానా అని. పప్పు డబ్బా మూత పెట్టి, మళ్లా తీసి చూసేది, పప్పేనా అని. నవ్వతా ఉంటిమి మేము. ఎవురో ఆమె చేతుల మీద ఆమెకే నమ్మకం లేకుండా చేసినారు. ఎవురో ఏమో."

నేను చేతులు కడుక్కోవడానికి లేచాను. పంపు దగ్గర చాలాసేపు కడుక్కున్నాను.

యలహంక

మూడో రోజు యలహంక బస్సులో, జయమ్మ ఇచ్చిన చిరునామా కోసం సంచీ తెరిస్తే గోంగూర వాసన గుప్పుమంది. సీసా మూత వదులైంది. నూనె కాగితాల్లోకి ఇంకింది. నూనెలో తడిస్తే కాగితం అద్దమవుతుంది కదా. వెనక పేజీ గీతలు ముందు పేజీలోంచి కనబడుతున్నాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఏదో తెలియడం లేదు. పక్కసీటు ఆమె ముక్కు మూసుకుని, "ఏమప్పా, ఊట కట్టుకొచ్చినావా?" అంది. ఊటంటే ఇక్కడ భోజనం.

నా ఉద్దేశం ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ కాగితాలు రేణుకక్క ముందు పెడితే ఆమే చదువుకుంటుంది, నేను నోటితో చెప్పే పని ఉండదు అనుకున్నాను. ఆ దారి గోంగూర మూసేసింది.

పాత యలహంక వీధుల్లో తలుపులు తెరిచే ఉంటాయి. ప్రతి తలుపులోంచీ మరమగ్గాల చప్పుడు వస్తుంది. మధ్యమధ్య పైన యుద్ధ విమానం వెళ్తే మగ్గాలు కూడా వినబడవు. ఎవరూ తలెత్తి చూడరు. తరాల కింద వచ్చి స్థిరపడ్డ తెలుగు నేతగాళ్లు. గడపలో తెలుగు, వీధిలో కన్నడం. చిరునామాలో ఉన్న ఇంటి ముందునుంచి మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. నాలుగోసారి లోపలినుంచి ఒకతను బయటికొచ్చాడు.

"ఎవురు కావల్ల? పొద్దుట్నుంచి గస్తీ తిరగతా ఉండారు?"

అతను వెంకటేశు, రేణుకక్క తమ్ముడు. ల్యాబు పేరు చెప్పగానే లోపలికి తిరిగి అరిచాడు: "అక్కా! నీ ఆఫీసోళ్లు వచ్చినారు! ఇంకా ఏమన్నా గొట్టాలు కలపల్లేమో చూడు!"

అది ఆ ఇంట్లో పాత హాస్యమని, అన్న తీరులోనే తెలిసింది. మూలన మగ్గానికి దారం కండెలు చుట్టే యంత్రం దగ్గర కూర్చున్న ఆమె తలెత్తింది. జుట్టు సగం నెరిసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, కిందనుంచి పైకి చూసింది.

"బొజ్జ వచ్చిందే సుధాకరా. పి.వై.వై. పని చెయ్యలేదా నీకు?"

ఏం చెప్పాలో తెలియక గోంగూర సీసా చేతికిచ్చాను. జిడ్డు చూసి ఒక గుడ్డ తెచ్చి, సీసాతో పాటు నా చేతులు కూడా తుడుచుకోమంది. ఆమె చెయ్యి చూశాను. సీసా మూత బిగించింది. తీసి చూసి మళ్లీ బిగించింది.

వెంకటేశు అతిథి మర్యాదగా మగ్గం చూపించాడు. మగ్గం పైన గొలుసులా కట్టిన చిల్లుల అట్టలు ఒక్కొక్కటే దిగుతున్నాయి, కింద బంగారు రంగు అంచులో హంసలు పడుతున్నాయి. "ఈ హంస మా తాత నాటిది" అన్నాడు. "కొత్త అంచు కావల్లంటే దీన్ని ముట్టము. దీనికి నకలు కొట్టుకొని, ఆ నకల్లో చిల్లులు మార్చుకుంటాము. హంస నెమలి అవతాది. హంస చీరా ఆగదు, నెమలి చీరా వస్తాది."

అంతకంటే బాగా నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. మూలన దుమ్ముపట్టిన అట్టల కట్ట ఒకటుంటే అదేమిటని అడిగాను.

"అది చెడిపోయిన నకలు. చూస్తే హంస మాదిరే ఉండాది. ఎక్కిస్తే గలాటే."

"పారేయరా?"

"ఊరికే పడుండాది. తిండి అడగతాదా?" నవ్వి, గొంతు తగ్గించకుండానే అన్నాడు: "ఈ కట్టలు మాత్రం అక్కను ముట్టనియ్యను. ఆ యమ్మది కలిపేసే చెయ్యి. కండెలు చుట్టుకోనీ, సాలు."

ఆమె కండె మార్చింది.

ఆమె దగ్గరికి వెళ్లి వంగి మొదలుపెట్టాను. "అక్కా, ఆ రోజు గొట్టాలు..."

"నాకెందుకప్పా చెప్పేది?" చెయ్యి ఆపకుండానే అంది. "నేను కలపలేదని నాకు ఆ పొద్దే తెలుసు. ఒక ఏడాది పోయినాక నాకే అనుమానం వచ్చింది, అది వేరే మాట. తెలియనోడు ఆడ మగ్గం కాడ ఉండాడు. పో. వానికి చెప్పు."

వెళ్లాను. మగ్గం చప్పుడులో అరిచి చెప్పాను. అతనికి వినబడలేదు. రెండోసారి అరిచాను. అతను విసుక్కుని స్విచ్చి ఆపాడు. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే కొత్తగా ఉంది.

చెప్పడానికి కాగితాలు లేవు. అతని అట్టలతోనే చెప్పాను. మనిషి ఒంట్లోనూ అసలు కట్ట ఒకటి, అలాగే కనిపించే చెడిపోయిన కట్ట ఒకటి ఉంటాయని, అసలు కట్టను పట్టుకురమ్మని నేను పంపినవాడు రెండింటినీ పట్టుకొచ్చాడని, అందుకే అంచులో రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని. మీ అక్క నేను ఇచ్చింది ఇచ్చినట్టే ఎక్కించిందని.

వెంకటేశు నుదురు చిట్లించాడు. "ఎంతమందిలో అట్ల వచ్చింది?"

"చూసినవాళ్లందరిలోనూ."

"అందరికీ ఒకే చోటా?"

"ఒకే చోట."

అతను మగ్గం మీద చెయ్యి పెట్టాడు. "అట్ట తప్పు గదప్పా అది! చేతి తప్పు ఎట్లవతాది? చిన్నపిల్లోనికి కూడా తెలుస్తాది."

"మీ అక్క ఆ రోజే నాకు అదే మాట చెప్పింది. ఆ మాట పట్టుకునే నేను తప్పు ఎక్కడుందో కనిపెట్టాను. కనిపెట్టి నా పేరు మీద దాచుకున్నాను."

అతను అక్కవైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదే నువ్వు?"

"చెప్పినాను" అంది రేణుకక్క. "నువ్వు నవ్వినావు."

వీధిలో పక్కింటి మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. వెంకటేశు చెమట తుడుచుకుంటున్నట్టు మొహమంతా తువ్వాలుతో తుడుచుకున్నాడు. లోపలికి వెళ్లి ఒక స్టూలు తెచ్చి నా దగ్గర పెట్టాడు. స్విచ్చి మాత్రం వెయ్యలేదు.

"వానికి చెప్పినావు" అంది ఆమె. "మన సార్‌కు?"

"రాశానక్కా. బదులు రాలేదు. ఇంటికెళ్లాక అందరూ చదివేలా కూడా రాస్తాను."

"రాయి. పేరు సరిగ్గా రాయి." కండె యంత్రం ఆపింది. నావైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. "ఇప్పుడు నాకు చెప్పు."

నేను నిలబడే నోరు తెరవబోయాను.

"కూచోని చెప్పప్పా. వచ్చినప్పట్నుంచి నిలబడే ఉండావు."

ఆ మూడు రోజుల్లో మొదటిసారి, లేవాలన్న తొందర లేకుండా కూర్చున్నాను. చెప్పాను.

"అక్కా, మీరు గొట్టాలు కలపలేదు. తప్పు నా ప్రైమర్లది. అది ఎక్కడుందో చూపించింది మీరు. తెలిసాక కూడా సార్ ముందు 'అవును' అన్నాను. మీరు గేటు దగ్గర తిరిగి చూస్తే, కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను, దిగి రాలేదు. మీ చేతుల్ని మీరే అనుమానించేలా చేశాను. మీ చేతుల్లో ఏ తప్పూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నన్ను క్షమించండక్కా."